పన్నెండు సీసపు గుండ్లు

తప్పుడు తూకాలు పంపినన్ని నెలలూ నన్ను ఎవరూ ఒక్క మాట అడగలేదు. సరైన తూకం పంపిన మూడో రోజుకి సంజాయిషీ మెమో వచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ నా టేబుల్ మీదే ఉంది. దాచుకోవాల్సిన అవసరం నాకేమీ కనిపించలేదు. మా కేంద్రానికి వచ్చిన వాళ్ళు ఎవరైనా చదువుకోవచ్చు.

నేను అంగన్‌వాడీ టీచర్‌ని. నెల్లూరు సముద్రం ఒడ్డున, ఊరికంటే ముందు ఎండు చేపల వాసన ఎదురొచ్చే ఒక పాలెంలో పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని. మా పుట్టిల్లు కోవూరు పక్కన. మేము సాయిబులం. మా అబ్బా కాటాలు బాగుచేసేవాడు. బియ్యం కొట్లో గానీ, సంతలో గానీ, చేపల రేవులో గానీ, ఎక్కడ కాటా ముల్లు పక్కకు వాలినా ఆయనకే కబురొచ్చేది. చిన్నప్పుడు ఆయన సైకిల్ వెనక కూర్చుని నేనూ పోయేదాన్ని. ఏ కాటా ముందు కూర్చున్నా మొదట ఖాళీ తట్టలు వేలాడదీసి, ముల్లు నిలబడేదాకా కదలకుండా చూసేవాడు. ముందు ఖాళీ తట్ట చూడమ్మా, సరుకు సంగతి తర్వాత, అని నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

అలాంటి మనిషి కూతురు ఏడు నెలల పాటు ఒక పసిదాన్ని తప్పు తూచింది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఇక్కడ నేనేదో పెద్ద సత్యవంతురాలినని చెప్పుకోవడానికి కూర్చోలేదు. నా మీద నాకున్న కోపమే ఇంకా చల్లారలేదు.

మా పంచాయతీ ప్రెసిడెంటు గురించి చెడ్డగా చెబితే కళ్ళు పోతాయి. గెలిచిన కొత్తలో అందరూ ఆయన్ని సిమెంటు రోడ్లు, వీధిలైట్లు అడుగుతుంటే, ఆయన మా కేంద్రానికి వచ్చి చాప మీద పిల్లల మధ్య కూర్చుని పప్పన్నం తిన్నాడు. తిని, చేయి కడుక్కుని, "టీచరమ్మా, మన పాలెంలో ఎరుపులో ఎంతమంది బిడ్డలుండారు?" అని అడిగాడు. పిల్లల బరువు రాసే కార్డు మీద మూడు రంగులుంటాయి. పచ్చలో ఉంటే బాగున్నట్టు, పసుపులో ఉంటే జాగ్రత్త పడాల్సినట్టు. ఎరుపులో ఉంటే ఆ బిడ్డ ప్రాణం మీదికి వచ్చినట్టే. అంతకుముందు ఏ ప్రెసిడెంటుకీ ఆ కార్డుకు రంగులున్నాయని కూడా తెలియదు.

ఆయన మాటలతో సరిపెట్టలేదు. మాకు అప్పటిదాకా కొక్కేనికి వేలాడదీసే కాటా ఉండేది. చేపను తగిలించినట్టు నా బిడ్డను తగిలిస్తావా అని తల్లులు గొడవపడేవాళ్ళు. పంచాయతీ తరఫున నేలమీద పెట్టే కరెంటు కాటా తెప్పించాడు. పగిలిపోయిన నీళ్ళ ట్యాంకు కట్టించాడు. గుడ్లు చిన్నవొస్తే బండి వెనక్కి పంపించాడు. నర్సమ్మ ఎక్కడో రోడ్డు మీద కూర్చుని టీకాలు వేసేది, ఆమెకు మా వరండాలోనే కుర్చీ, ఫ్యాను పెట్టించాడు. రెండేళ్ళలో ఎరుపులో ఉన్న పిల్లలు ఒక్కొక్కరే పసుపులోకి వచ్చారు. నేను కూడా మనస్ఫూర్తిగా పనిచేశాను, లేదని ఎవర్నైనా చెప్పమనండి.

ఆ తర్వాత మండలం నుంచి బోర్డు మాట వచ్చింది. ఎరుపులో ఒక్క బిడ్డ కూడా లేని పంచాయతీకి ఆరోగ్య పంచాయతీ అని బోర్డు ఇస్తారట, పెద్ద అధికారి వచ్చి ఊరి మొదట్లో పాతిస్తారట. ఆ రోజు నుంచి ఫోన్ మోగితే బిడ్డలెట్టా ఉండారు అని అడిగేవాళ్ళు లేరు, సున్నానే గదా అని అడిగేవాళ్ళే.

ఇక ఆ పిల్ల సంగతి. నెలలు నిండకుండా పుట్టింది. తల్లి తెల్లారకముందే వ్యానెక్కి రొయ్యల కంపెనీకి పోయేది, తండ్రి పడవ మీద. పిల్లను చూసుకునేది అమ్మమ్మ. నలభై ఏళ్ళు తల మీద తట్ట పెట్టుకుని ఊళ్ళమ్మట చేపలమ్మిన మనిషి. మోకాళ్ళు అరిగిపోయి ఇంటి పట్టున ఉండేది. అందరూ ఆమెను అవ్వా అనే పిలిచేవాళ్ళు, పిల్లను మాత్రం గాలిపిల్ల అనేవాళ్ళు. ఎత్తుకుంటే చేతిలో ఉన్నట్టే ఉండేది కాదు.

నెలనెలా అవ్వ తీసుకొచ్చేది. నేను తూచి, "అవ్వా, బిడ్డ ఇంకా తేలిగ్గానే ఉండాది" అనేదాన్ని. ఆమె నా వైపు గుచ్చిగుచ్చి చూసి, పిల్లను ఎత్తుకుని పోయేది. వచ్చే నెల తూస్తే కొంచెం పెరిగేది. ఆ తర్వాతి నెల ఇంకొంచెం. పసుపు రంగులో, ఎరుపుకు ఆనుకునే అయినా, గీత పైకి పోతూనే ఉంది. నేను పొంగిపోయాను. మీటింగుల్లో ఆ కార్డే చూపించాను. కేంద్రంలో ఇచ్చే బలం పొడి, గుడ్లు సక్రమంగా పెడితే ఎట్టా పెరుగుతారో చూడండని పక్క కేంద్రాల టీచర్లకు పాఠం కూడా చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే నాలుక కరుచుకోవాలనిపిస్తుంది.

బట్టలు తీసి తూచాలని మాకు ట్రైనింగ్‌లో చెప్పారు. కానీ పదిమందిలో పసిబిడ్డ గౌను విప్పితే దిష్టి తగులుతుందని పాలెంలో ఎవరూ ఒప్పుకోరు. మొలతాడు మీద పరాయి చెయ్యి పడకూడదంటారు. అది తెంపే రోజు ఏదో అందరికీ తెలుసు, ఆ మాట పసిపిల్లల దగ్గర అనరు. నేనూ ఎందుకొచ్చిన గొడవలే అని గౌనుతోనే తూచేదాన్ని. గౌను బరువెంత, అరచేతిలో పట్టేంత గుడ్డ.

బోర్డు మీటింగుకు ఇంకా వారం ఉందనగా, ఒక మధ్యాహ్నం ఆ పిల్ల పాలగ్లాసు మీద పోసుకుంది. ఒళ్ళంతా తడిసింది. అవ్వ బయట నీడలో కూర్చుని ఉంది. నేనే గౌను విప్పాను. నడుముకు నల్ల మొలతాడు, దానికి గుడ్డపీలికలో వరసగా చుట్టిన మూట. చెయ్యి తగలగానే బరువు తెలిసింది. పీలిక కొస తొలగించి చూస్తే సీసపు గుండ్లు. వల అంచుకు, అది నీళ్ళలో అడుగుకు దిగడానికి కట్టేవి, రేగుపండంత. పన్నెండు. వాటి కింద ఆ పిల్ల నడుము ఎముకలు వేళ్ళకు గుచ్చుకుంటున్నాయి.

పిల్లను చంకనేసుకుని బయటికొచ్చాను. "ఎన్నాళ్ళ నుంచి కడుతుండావు అవ్వా ఇవి?"

"నువ్వు చెప్పిన కాడి నుంచే గదా టీచరమ్మా."

"నేనేం చెప్పినా?"

"బిడ్డ తేలిగ్గా ఉండాది, తేలిగ్గా ఉండాది అని నెలనెలా చెప్పింది ఎవురు? ఈ ఒడ్డు గాలి ఊరుకుంటాదా? తేలిగ్గా ఉండేదాన్ని లాక్కొని పోతాది. నువ్వు చెప్పినప్పుడల్లా ఇంటికి పోయి ఒకటో రెండో కట్టినా. మా ఆయన వల గుండ్లే. ఎన్ని తుఫాన్లొచ్చినా ఆ వల కదల్లేదు మే."

ఆమె నన్ను మోసం చేయలేదు. కార్డు కోసం కట్టలేదు, బోర్డు కోసం అసలే కాదు. నేను బరువు లేదన్నాను, ఆమె తనకు తెలిసిన బరువు కట్టింది. ఏడు నెలలుగా నేను మెచ్చుకుంటూ రాసుకున్న గీత పిల్లది కాదు, ముసలాయన వలది. అప్పుడు నాకు అంతకుముందు ఏడాది వానాకాలంలో పోయిన ఒక పిల్లవాడు గుర్తొచ్చాడు. జ్వరంతో ఆటోలో తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు. నా పుస్తకంలో వాడు చివరి నెలలో కూడా పసుపులోనే ఉన్నాడు. వాడి నడుముకు ఏముందో నేను ఏనాడూ చూడలేదు. ఉన్నాయో లేదో ఇక ఎవరూ చెప్పలేరు, నేను మాత్రం అది తలుచుకోని రోజు లేదు.

"ముందు ఈ తాడు తెంపి తూద్దాం" అన్నాను. అవ్వ ఎగిరి పిల్లను లాక్కుంది. మోకాళ్ళు లేని మనిషి ఎట్టా లేచిందో తెలియదు.

"నీ కొడుక్కు దర్గాలో కట్టించినావే తాయెత్తు, దాన్ని తెంపు ముందు!"

మా వాడిది ఇప్పటికీ జబ్బకే ఉంది, మేము తీయలేదు. ఆమే కాసేపు రొప్పి, చీర కొంగుతో మొహం తుడుచుకుని, నన్ను ఎగాదిగా చూసింది. "తూచేదానికి తెంపాల్సిన పనేంది? తట్టతో కలిపి తూచి చేపలు కొనేవాళ్ళని యాడన్నా చూసినావా? తట్ట తరుగు తీయరా? ఇంత చదువుకున్నావు, ఇది తెలీదా నీకు?"

నలభై ఏళ్ళు తట్ట తరుగు దగ్గర బేరగాళ్ళతో కొట్లాడిన మనిషి ఆమె. నేనేమో కాటాల సాయిబు కూతుర్ని. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అబ్బా బతికుంటే ఆ వరండాలోనే నా చెంప పగిలేది.

అవ్వ ఎదురింటి కంచె మీద ఆరేసిన వల నుంచి అవే సైజు గుండ్లు పన్నెండు విప్పి తెచ్చింది. కాటా మీద పెట్టాం. నాలుగొందల ఇరవై గ్రాములు. తర్వాత పిల్లను మూటతోనే కూర్చోబెట్టాం. ఏడు కిలోల ఎనిమిది వందలు. తీసేస్తే ఏడు కిలోల మూడొందల ఎనభై. కార్డు మీద వేలు పెట్టి కిందికి దించుకుంటూ పోయాను. పసుపు దాటిపోయింది.

"అంటే బిడ్డ పెరగలేదా?" అంది అవ్వ.

"పెరగలేదు అవ్వా. గుండ్లే పెరిగినాయి."

ఆమె మళ్ళీ కింద కూర్చుంది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను పక్కన కూర్చుని, నాకూ ఏడుపొచ్చినా ఏడవకుండా, మా సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాను.

ఎరుపులో ఉన్న పిల్లల్ని నెల్లూరులో ఆసుపత్రికి పంపి, రెండు వారాలు తల్లితో పాటు ఉంచుకుని తిండీ మందులూ ఇస్తారు. దానికి సూపర్‌వైజర్ సంతకం పెట్టిన చీటీ కావాలి. ఆ చీటీ చూపిస్తేనే తల్లికి కంపెనీలో సెలవు. ఫోన్‌లో మేము పంపిన తూకం ఎరుపని ఉంటేనే చీటీ. ఆ పిల్లది అప్పటికే పసుపని వెళ్ళిపోయింది.

"అమ్మా, మీటింగు వారంలోకొచ్చింది" అంది ఆమె. "ఈ నెల తూకాలు మూసేశారు. వచ్చే నెల మొదటి వారంలో దించి రాయండి, అప్పుడు చీటీ ఇస్తాను. అందాకా పాపకు రెండు గుడ్లు ఎక్కువ పెట్టండి."

"అందాకా పాపకేమన్నా అయితే మేడం?"

"ఏడు నెలలు కానిది మూడు వారాల్లో ఏమవుతుందమ్మా?" ఆమె గొంతులో చెడ్డతనమేమీ లేదు, అలసట మాత్రమే ఉంది. "ఇది బయటపడితే మొదట పోయేది మీ ఉద్యోగమే. తప్పు రాసింది మీరే కదా" అంది.

"నేనే మేడం. నేను రాసింది నేనే దిద్దుతాను."

ఆ వారం రోజులూ రోజూ అడిగాను. మండలం ఆఫీసుకు పోయి అడిగాను. బెంచీ మీద కూర్చోబెట్టారు, మజ్జిగ ఇచ్చారు, మీటింగు కానీయండి అన్నారు. ఆ మజ్జిగ తాగకుండా వచ్చేశాను. ప్రెసిడెంటు దగ్గరికి పోతే ఆయన షామియానా పనిలో ఉండి, "రేపు మాట్లాడదాం టీచరమ్మా, రేపు" అన్నాడు. పిల్లకేమో విరేచనాలు పట్టుకున్నాయి. నర్సమ్మ ఉప్పు చక్కెర నీళ్ళ పాకెట్లు ఇచ్చి, తొందరగా పంపించండి అని నా చెయ్యి పట్టుకుని చెప్పింది. చీటీ లేకుంటే తల్లికి సెలవు లేదు, ఆసుపత్రిలో చేర్చుకోరు, ఎక్కడికి పంపను?

మీటింగు రోజు స్కూలు ముందు షామియానా వేశారు. బోర్డుకు పసుపు గుడ్డ కప్పారు. పెద్ద అధికారి వచ్చాడు. ఆయన ముందు ఒక బిడ్డను తూచి చూపించాలని కార్యక్రమంలో ఉంది. దానికి బూరెబుగ్గల పిల్లవాడొకణ్ణి ముందు రోజే ఎంచి, కొత్త చొక్కా తొడిగి మొదటి వరసలో కూర్చోబెట్టారు. నా పేరు పిలిచారు. కాటా సర్దాను. సున్నా చూశాను. చూసి, "అవ్వా, రా" అన్నాను.

షామియానా చివర నుంచి అవ్వ పిల్లను ఎత్తుకుని కుంటుకుంటూ వచ్చింది. సూపర్‌వైజర్ మొహం పాలిపోయింది. ఎదురింటి వల నుంచి విప్పిన పన్నెండు గుండ్లు డబ్బాలోంచి తీసి కాటా మీద పోశాను.

"ఇవేందమ్మా?" అన్నాడు అధికారి.

"తరుగు సార్" అంది అవ్వ, నేను నోరు తెరిచేలోపు.

తర్వాత నేను చెప్పాను. ఏడు నెలలు ఎట్టా తూచానో, ఏం రాశానో, ఏం చూడలేదో అంతా మైకులోనే చెప్పాను. పిల్లను కాటా మీద కూర్చోబెట్టాను. అంకె వచ్చింది. గుండ్ల బరువు తీసేసి, మిగిలింది పైకి చదివాను. "ఈ పాలెంలో ఎరుపులో ఒక బిడ్డ ఉంది సార్. మిగతావాళ్ళ మొలతాళ్ళు ఇంకా చూడలేదు. చూస్తే ఇంకెంతమంది ఉంటారో నాకు తెలియదు. బోర్డు మీ ఇష్టం. నాకు చీటీ కావాలి" అన్నాను.

షామియానా గుడ్డ గాలికి టపటపా కొట్టుకుంటోంది. ప్రెసిడెంటు లేచాడు. వచ్చి, వంగి, కాటా మీది అంకె తన కళ్ళతో చూసుకున్నాడు. పిల్ల కాలు పట్టుకుని చూశాడు. నా వైపు మాత్రం చూడలేదు. రెండేళ్ళ కష్టం ఆయనది, ఆ పసుపు గుడ్డ కింద ఉన్నదీ ఆయనదే. సూపర్‌వైజర్ వైపు తిరిగి, "చీటీ రాయండి మేడం. బండి నాది" అన్నాడు. ఆమె పెన్ను కోసం సంచి వెతుక్కుంది.

బండి దగ్గర అవ్వ ఆగింది. మూట విప్పి, ముళ్ళు పంటితో పీకి, గుండ్లు ఒక్కొక్కటే నా అరచేతిలో పెట్టింది. మొలతాడు మాత్రం అట్టాగే ఉంచింది. "ఆసుపత్రిలో వాళ్ళెవురో తీసేదానికంటే నేను తీస్తేనే మేలు" అంది. పన్నెండోది పెట్టి నా వేళ్ళు మూసింది. "ఇంక నువ్వు పట్టుకోవాల. బిడ్డ గాలికి పోయిందా, నిన్నే అడుగుతా."

బోర్డు రాలేదు, మెమో వచ్చింది. ఇన్ని నెలలు తప్పుడు వివరాలు ఎందుకు పంపారో, సభలో క్రమశిక్షణ లేకుండా ఎందుకు ప్రవర్తించారో సంజాయిషీ ఇవ్వాలి. మా ఆయన క్షమాపణ రాసెయ్యమన్నాడు. నేను రాసింది ఇది: "తప్పు తూచినందుకు నేనే బాధ్యురాలిని, ఏ శిక్షకైనా సిద్ధం. సరిగ్గా తూచినందుకు క్షమాపణ చెప్పను." కింద సంతకం పెట్టి, నేనే పోయి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుని మరీ వచ్చాను. జవాబు ఇంతవరకూ రాలేదు. వచ్చినప్పుడు చూసుకుందాం.

ఆ వారమే పాలెంలో పిల్లలందర్నీ మళ్ళీ తూచాను. తేలిగ్గా ఉన్నారని నేను చెప్పినవాళ్ళలోనే ఇంకో నలుగురి నడుములకు గుండ్లు దొరికాయి, వాళ్ళలో ఒకరు ఎరుపు. నెల రోజులు నాతో మాట్లాడని ప్రెసిడెంటు, పంచాయతీలో తీర్మానం మాత్రం చేయించాడు. మా కేంద్రంలో తూకానికి చాటుగా గుడ్డ తెర, పక్కనే అన్ని సైజుల గుండ్లతో ఒక డబ్బా. ఇప్పుడు తెర వెనక ముందు మొలతాడు చూడందే ఏ బిడ్డా కాటా ఎక్కదు. నేను పోయాక వచ్చే టీచర్ కూడా అట్టాగే తూచాలి, తీర్మానంలో రాసుంది.

ఇక ఆ పిల్ల. ఆసుపత్రిలో సీసం సంగతి వింటూనే డాక్టరమ్మ రక్తం తీసి చూసిందట, అందులోకి సీసం దిగలేదట గానీ, నోట్లో పెట్టుకుంటే విషమని తల్లిని బాగా కోప్పడిందట. ఆ పదిహేను రోజులూ నేను నిద్ర సరిగ్గా పోలేదు. ప్రతి ఉదయం టేబుల్ సొరుగు లాగి గుండ్లు చూసుకునేదాన్ని.

తిరిగొచ్చిన రోజు అవ్వే ఎత్తుకొచ్చింది. పిల్ల దిగి, నా కుర్చీ కోడు పట్టుకుని నిలబడి, అరిచింది. అంత గొంతు దానికుందని నాకు తెలియదు. తూచాను. గుండ్లు లేవు, తరుగు లేదు. ఎనిమిదికి నలభై గ్రాములు తక్కువ. అవ్వ అంకె చూసింది, నన్ను చూసింది, చెయ్యి చాపింది.

"నా గుండ్లు ఇయ్యి."

"మళ్ళీ కడతావా అవ్వా?"

"దీనికెందుకే ఇంక? ఎత్తుకోలేక చస్తుండా." పిల్లను చంకలో పైకి ఎగేసుకుంది. "అల్లుడి వల ఒక పక్క తేలిపోతా ఉండాది. దానికి కట్టాల."

సొరుగు లాగి ఆమె కొంగులో పోశాను. అవ్వ అక్కడే నిలబడి ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

"ఒకటి తక్కువుండాది టీచరమ్మా."

"తరుగు" అన్నాను.

ఆమె నా టేబుల్ వైపు చూసింది. సముద్రం గాలికి కొట్టుకుపోకుండా మెమో మీద పెట్టిన పన్నెండో గుండు ఆమెకు కనిపించింది. అడగలేదు. కొంగు ముడేసుకుని, గాలికి ఎదురుగా, పిల్లను మోసుకుంటూ ఇంటికి పోయింది.